పుల్లరి: పల్నాటి కొండవాలు చరిత్రలో పచ్చిక

పల్నాటి చరిత్ర అనగానే సాహిత్య విద్యార్థికి 12వ శతాబ్దిలో కారెంపూడి వద్ద జరిగిన దాయాదుల పోరు స్ఫురిస్తుంది. ఆధునిక చరిత్ర చదివినవారికి 1921-22 నాటి అటవీ సత్యాగ్రహం, కన్నెగంటి హనుమంతు బలిదానం స్ఫురిస్తాయి. మొదటిది వీరగాథగా సాహిత్యశాఖల పాలబడింది. రెండవది స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా చరిత్రశాఖల పాలబడింది. రెండింటి మధ్య ఏడు శతాబ్దాలకు పైబడిన ఎడం ఉండటంతో వీటిని ఒక్కచోట పెట్టి చూసే ప్రయత్నం అరుదుగా జరిగింది. అయితే ఈ రెండూ జరిగిన నేల ఒకటే. రెండింటిలోనూ కథ నడవడానికి పశువుల మంద, అది మేసే కొండవాలు అవసరమయ్యాయి. పల్నాటిలో పచ్చిక ఎవరిది, మంద ఏ షరతు మీద అడవిలో అడుగుపెట్టాలి అన్న ప్రశ్నను పట్టుకుంటే, విడివిడిగా కనిపించే ఈ ఘట్టాల మధ్య ఒక దారి తెరుచుకుంటుంది. ఆ దారికి తెలుగులో ఒక పాత మాట ఉంది. అది పుల్లరి.

నేల స్వభావం

పల్నాటికి ఉత్తరాన కృష్ణ, పడమర, దక్షిణాల నల్లమల శ్రేణులు హద్దులు. తూర్పువైపు మాత్రమే ఈ సీమ సత్తెనపల్లి, నరసరావుపేట మైదానాలకు తెరిచి ఉంటుంది. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, కారెంపూడి, బొల్లాపల్లి ప్రాంతాలు కొండపాదాల మీద ఉన్నాయి. గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ నాపరాతి పలకల మీద ఉన్నాయి. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలావర్గాలపై వెలువరించిన భూగర్భ పరిశోధన నాటినుంచి పల్నాటి సున్నపురాయి భూవిజ్ఞానంలో ప్రత్యేక స్థానం పొందింది. నేటి సిమెంటు కర్మాగారాలకూ, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకూ ఆధారం ఈ రాయే.

వ్యవసాయానికి ఈ రాయి చేసే మేలు తక్కువ. వాననీరు పొరల్లోకి ఇంకిపోతుంది. నాగులేరు, చంద్రవంక వంటి ఏరులు వానలకు ఉరకలు వేసి ఎండలకు చెలమలుగా మిగులుతాయి. ఎత్తిపోతల వద్ద దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చంద్రవంకను వానాకాలంలో చూసినవారు వేసవిలో మాచర్ల దగ్గర దాని ఇసుకను పోల్చుకోలేరు. నాపరాళ్ళ మీద పలుచగా పరచుకున్న నల్లరేగడిలో జొన్న, సజ్జ, కంది, ఆముదం పండేవి. కొండలకు దగ్గరయ్యేకొద్దీ నేల ఎర్రబడి గులకరాళ్ళు హెచ్చుతాయి. అక్కడ నాగలి కంటె మందకే చోటెక్కువ. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి రాళ్ళనూ నీళ్ళనూ తిండినీ ఎగతాళి చేశాయి. వరికూటికి అలవాటుపడిన కవి కంటికి లేమిగా తోచిన ఆ నేల పశువుకు లేమి కాదు. ఇది కవి తప్పు అనడానికి లేదు. ఆయన పచ్చిక కోసం రాలేదు.

తుమ్మ, చండ్ర, రేగు, మోదుగు, తంగేడు పెరిగే అంచు అడవి, దాని వెనుక బోదగడ్డి మొలిచే వాలు, ఆ పైన ఏపి, మద్ది, ఇప్ప చెట్లున్న దట్టమైన అడవి అన్న మూడు అంతస్తులు మూడు కాలాలకు ఉపయోగపడేవి. తొలకరికి ఊరి చేలన్నీ విత్తనం పడి పశువుకు మూసుకుపోతాయి. అప్పుడు మంద వాలు మీదికి పోవాలి. పంట కోసిన తరువాత మోళ్ళు మేయడానికి మంద ఊళ్ళోకి దిగుతుంది. గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో ఆపి ఎరువు చేయించుకోవడం, అందుకు కాపరికి గింజలు కొలవడం తెలుగు మెట్టసీమల్లో ఎరిగిన పద్ధతి. మాఘం దాటేసరికి మోళ్ళు కూడా ముగిసి, ఎండుగడ్డికీ ఆకుమేతకూ చెలమనీటికీ మంద మళ్ళీ కొండవైపు తిరుగుతుంది. అంటే అడవి ఊరికి అవతలి వస్తువు కాదు. సేద్యపు సంవత్సరంలో సగం అడవిలోనే గడిచేది. ఎద్దు లేనిదే సేద్యం లేదు, వాలు లేనిదే ఎద్దు లేదు.

మంద జ్ఞాపకం

ఈ సీమలో పశుపాలకుల ఉనికికి ప్రాచీన సాక్ష్యాలు కొరవడలేదు. నాగార్జునకొండ లోయలో నవీనశిలాయుగపు ఆవాసాలు బయటపడ్డాయి. అక్కడే దొరికిన 3వ శతాబ్దపు శాసనాలలో ఆభీరరాజు వసుసేనుని శాసనం ఒకటి. అష్టభుజస్వామి ప్రతిష్ఠను అది పేర్కొంటుంది. పశుపాలనతో సంప్రదాయికంగా ముడిపడిన ఆభీరుల పేరు ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో కనబడటం ఆసక్తికరమే గాని, దాన్నిబట్టి నేటి పల్నాటి గొల్లలకు వంశవృక్షం గీయడం సాహసం. ఆ వసుసేనుడు రాజుగా వచ్చాడు, కాపరిగా కాదు. మంచికల్లులో లభించిన పల్లవ సింహవర్మ ప్రాకృత శాసనం ఆధారంగా పల్లవనాడే పల్నాడైందని కొందరన్నారు. పల్లెనాడని కొందరు, రాతి తెలుపును బట్టి పాలనాడని కొందరు అన్నారు. ఈ నిరుక్తులలో దేనికీ తిరుగులేని రుజువు లేదు.

శాసనాల కంటె బలమైన సాక్ష్యం కథాచక్రంలో ఉంది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించిన నాటినుంచి విమర్శకుల దృష్టి ప్రధానంగా కోడిపోరు, రాయబారం, బాలచంద్రుని యుద్ధం, చాపకూడు అనే ఘట్టాలపై నిలిచింది. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల పాత్రలను ఎలా తూచాలన్నదానిపై వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదాలలో పశువు ప్రస్తావన దాదాపు లేదు. వీరవిద్యావంతులు పాడే మౌఖిక సంప్రదాయం పరిస్థితి వేరు. కోడిపందెంలో ఓడి రాజ్యం కోల్పోయిన మలిదేవాదులు మండాది అడవికి వెళ్ళినప్పుడు వారితో వెళ్ళిన సంపద పశువుల మంద. సింహాసనం చేజారినా మంద ఉన్నంతకాలం పక్షం బతికే ఉంది. ఆ కారణంగా ఎదుటిపక్షం మందపై దాడి చేయించింది. కోటలు ముట్టడించే యుద్ధనీతికీ మందను కొట్టే యుద్ధనీతికీ తేడా ఉంది; రెండవది పశుసంపదే రాజ్యబలమైన సమాజానికి చెందినది. మహాభారత విరాటపర్వంలోని గోగ్రహణాన్ని అనుకరించి కవులు దీన్ని చేర్చి ఉంటారన్న ఊహ రావచ్చు. మండాది నేటికీ వెల్దుర్తి ప్రాంతంలో అదే పేరుతో ఉన్న ఊరు, నల్లమల పాదాల మీది మేతసీమ అన్న సంగతి ఆ ఊహకు అడ్డు నిలుస్తుంది. పురాణపు అచ్చు ఉండవచ్చు. అందులో పోసిన లోహం స్థానికం.

కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో ఆరంభమయ్యే వీరారాధనోత్సవం ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్నవి ఆ రోజుల పేర్లు. ఐదింటిలో మందపోరు నేరుగా పశువును స్మరించేది. గ్రంథం చదివిన పండితుడు మరిచిన సంగతిని ఉత్సవపు పంచాంగం మరువలేదు. సర్వజనుల సహపంక్తిగా ప్రసిద్ధికెక్కిన చాపకూడు సైతం మందపోరు నాడే జరగడం మరీ గమనించదగినది. ఏ కులంవాడు ఏ పాత్రలో తిన్నాడన్న విచారణ లేని భోజనాన్ని రాజసభతో కాక మంద కోసం జరిగిన పోరుతో జతచేయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. మంద వెంట అడవిలో రోజుల తరబడి తిరిగే మనుషులకు ఊరి పంక్తిభేదాలు పాటించే వీలు తక్కువ. ఇది ఊహే అయినా, చాపకూడును కేవలం వీరవైష్ణవ సంస్కరణగా వివరించే ఊహ కంటె నేలకు దగ్గరది.

నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ స్థలపురాణంలోనూ ఇదే జాడ. త్రికూటేశ్వరుణ్ణి నిత్యం పాలతో సేవించిన ఆనందవల్లి గొల్లభామ. ఆమెకు కొండమీద గుడి ఉంది. భక్తులు ముందు ఆమెను దర్శిస్తారు. శివరాత్రికి ఊరూరి నుంచి ప్రభలు కట్టుకుని ఎడ్లబండ్ల మీద వచ్చిన సేద్యగాళ్ళు మొక్కింది కాపరి ఆడపడుచుకు. కొండపాదపు సేద్యం కాపరితనానికి ఎంత రుణపడిందో ఇంతకంటె సూటిగా చెప్పే గుడి పల్నాటిలో మరొకటి లేదు.

అరి అనే మాట

పులు అంటే గడ్డి. తమిళంలో పుల్, కన్నడంలో హుల్లు దీని సోదరపదాలు. అరి అంటే కప్పం, పన్ను. అరిగాపు అన్న మాటలో ఉన్నదీ ఇదే. గడ్డిపై కట్టే పన్ను పుల్లరి. బ్రౌణ్య నిఘంటువు దీన్ని పచ్చికబయళ్ళ పన్నుగానే వివరించింది. మధ్యయుగపు పన్నుల పేర్లలో ఇంటిపై వేసే ఇల్లరితో పాటు పుల్లరి కనిపిస్తుంది. కాబట్టి పుల్లరిని ఆంగ్లేయులు కనిపెట్టారన్న వాడుక మాట నిలవదు. పన్ను పాతదే. మారినది దాని అర్థం.

పాత అర్థం ఎలాంటిదో కాటమరాజు కథాచక్రం చెబుతుంది. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన ఈ కథలను యాదవుల ముందు కొమ్ములవారు పాడతారు. శ్రీశైల ప్రాంతాన కరవు వచ్చి పచ్చిక మాడిపోగా కాటమరాజు తన ఆవులను దక్షిణానికి తోలుకుపోయి నెల్లూరి నల్లసిద్ధితో ఒడంబడిక చేసుకుంటాడు. ఆవులు మేసిన పచ్చికకు బదులు పుట్టిన కోడెదూడలను ఇవ్వాలన్నది షరతు. ఒడంబడిక చెడి, పుల్లరి చెల్లించలేదన్న తగవు పెరిగి, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి యుద్ధమైంది. ఖడ్గతిక్కన కథ దీనికి ముడిపడినదే. ఈ కథ పల్నాటిది కాదు. కాని నల్లమల తూర్పువాలు పొడవునా తిరిగిన మందల లోకం ఒక్కటే కనుక దీని సాక్ష్యం పల్నాటికీ వర్తిస్తుంది. ఇందులో గమనించవలసింది ఒడంబడిక అన్న పద్ధతి. కాటమరాజు రాజు దయను అడగలేదు, బేరం చేశాడు. రాజు ప్రవేశానికి అనుమతి పత్రం రాయలేదు, పుట్టే దూడలలో పాలు అడిగాడు. పచ్చిక ఎండితే, దూడ పుట్టకపోతే పాలు తగ్గుతుంది. పన్ను పంటతో పాటు పెరిగి తరిగే సంబంధం అది. చెడితే యుద్ధమైంది నిజమే. యుద్ధం ఇద్దరు సమానుల మధ్యనే జరుగుతుంది.

1882 తరువాత

ఆర్కాటు నవాబు నుంచి 1801లో కంపెనీ చేతికి వచ్చిన పల్నాడు ఆ శతాబ్దమంతా పాలకులకు పెద్ద రాబడి ఇవ్వని తాలూకాగానే ఉండిపోయింది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరవు వంటి విపత్తులలో మందలు గల కుటుంబాలు కొండకు చేరి ప్రాణం నిలుపుకోవడమే ఇక్కడి బీమా. అడవి మీద అధికారాన్ని సర్కారు గట్టిగా ప్రకటించుకున్నది శతాబ్దం చివరి పాదంలో. అప్పటికి కూడా ఆ అధికారానికి సొంత యంత్రాంగంలోనే సందేహాలుండేవి. రాజధాని పరిధిలోని అడవులు దాదాపు అన్నీ ఏదో ఒక గ్రామపు ఎల్లలో ఉన్నవేననీ, గ్రామస్థుల వాడుక హక్కులు లేని అడవి లేదనీ మద్రాసు రెవెన్యూ బోర్డే 1871లో అభిప్రాయపడింది. ఈ కారణంగా 1878 నాటి భారత అటవీచట్టం మద్రాసుకు వర్తించలేదు. బ్రాండిస్ వచ్చి సర్దుబాటు చేసిన తరువాత 1882లో మద్రాసు అటవీచట్టం వెలువడింది.

ఆ చట్టం కింద అడవిని రిజర్వు చేసే ముందు హక్కుదారులు తమ హక్కును సెటిల్మెంటు అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోనిది పోయినట్లే. స్థిరమైన పొలం గల రైతుకే ఇది కష్టం. ఋతువును బట్టి తిరిగే గొల్లకు, సుగాలీకి, కొండలోనే ఉండే చెంచుకు మరీ కష్టం. వాడుక అన్నది వారి కాళ్ళలో ఉంది, కాగితంలో లేదు. విచారణ ముగిసిన తరువాత మంద మేసేది హక్కు చేత కాదు, అనుమతి చేత. తలకింత చొప్పున రుసుము, పర్మిటు, కాలపరిమితి, మూసిన బ్లాకులు, తెరిచిన బ్లాకులు వచ్చాయి. మేకను అటవీశాఖ అడవికి శత్రువుగా పరిగణించి వేరుగా కట్టడి చేసింది. దారి తప్పి హద్దు దాటిన పశువు 1871 నాటి చట్టం ప్రకారం బందెలదొడ్డికి చేరేది. విడిపించుకోవడానికి మళ్ళీ రుసుము. జనం నోట ఈ రుసుమంతా పాత పేరుతోనే చలామణీ అయింది. మాట మారకపోవడం వల్ల మార్పు లోతు మరుగునపడింది. పాత పుల్లరి పచ్చికపై హక్కు ఉందని ఒప్పుకునే చెల్లింపు. కొత్త పుల్లరి హక్కు లేదని ఒప్పుకునే చెల్లింపు.

ఇదే కాలంలో మైదానం నుంచి మరో ఒత్తిడి వచ్చింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టా బీళ్ళు వరిమళ్ళయ్యాయి. అక్కడ తగ్గిన మేతను వెతుక్కుంటూ పశువులు మెట్టసీమల అడవులకు రావడం పెరిగింది. డెల్టా వరిసేద్యపు ఖర్చులో కొంతభాగాన్ని ఎగువ కొండవాళ్ళు మోశాయన్నది వ్యవసాయ చరిత్రకారులు తగినంతగా లెక్కవేయని విషయం. నీరు ఎగువ నుంచి దిగువకు పారింది. పశువు దిగువ నుంచి ఎగువకు నడిచింది. పల్నాటి మందకు తన వాలు మీదే చోటు ఇరుకైంది.

చిన్న ఉద్యోగుల తీరు ఈ ఇరుకును భరించరానిదిగా చేసింది. మద్రాసు ప్రభుత్వం నియమించిన అటవీ సంఘం 1913లో సమర్పించిన నివేదిక గ్రామస్థుల ఇబ్బందులను గుర్తించి, కొన్ని అడవులను గ్రామ పంచాయతులకు అప్పగించాలని సూచించింది. సూచనకూ ఆచరణకూ మధ్య గడిచిన కాలంలో గార్డు చేతి పర్మిటు పుస్తకమే పల్నాటి జనానికి ప్రభుత్వం. లంచంగా నెయ్యి, కోడి, వెట్టిగా మోత ఇవన్నీ దానికి అనుబంధాలు. అట్లూరి మురళి మొదలైన పరిశోధకులు ఆంధ్రప్రాంత అటవీ విధానంపై చేసిన పని ఈ నేపథ్యాన్ని స్పష్టపరిచింది.

1921-22

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగింది. ఆ వేడి గుంటూరు జిల్లాలో మూడు చోట్ల మూడు రూపాలు దాల్చింది. చీరాల-పేరాలలో మునిసిపల్ పన్నుపై, పెదనందిపాడులో భూమిశిస్తుపై, పల్నాటిలో పుల్లరిపై నిరాకరణ. పాఠ్యపుస్తకాలు మూడింటినీ ఒకే వాక్యంలో చెబుతాయి. భేదం వాటి పునాదిలో ఉంది. పెదనందిపాడు రైతు తనదని సర్కారూ అంగీకరించిన భూమిపై శిస్తు ఆపాడు. పల్నాటి రైతు, తనదని సర్కారు అంగీకరించని అడవిలోకి మందను తోలాడు. మొదటిది చెల్లింపు నిలిపివేత; రెండవది హక్కు ప్రకటన. రుసుము కట్టకుండా పశువు అడవిలో మేసిన ప్రతిదినం 1882 చట్టాన్ని తిరస్కరించిన దినమే.

అటవీ, రెవెన్యూ ఉద్యోగులకు సాంఘిక బహిష్కారం విధించడం ఈ ఉద్యమపు ప్రధాన సాధనం. చాకలి, మంగలి సేవలు, తిండి సరకులు వారికి అందకుండా గ్రామాలు కట్టుబడ్డాయి. ఇది గాంధీ మార్గపు సహాయనిరాకరణకు ఒదిగినదే. అయినా గ్రామకట్టు తప్పినవానికి వెలి విధించే పాత శిక్షను పల్నాటి జనం సర్కారుపై తిప్పారని చెప్పడం మరింత సమంజసం. జిల్లా కాంగ్రెసు పక్షాన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు పల్నాడు వచ్చారు; ఇద్దరూ అరెస్టయ్యారు. వారు ఉద్యమాన్ని పుట్టించలేదు. ఉన్న ఉద్యమానికి బయటి లోకంతో మాట్లాడే భాష ఇచ్చారు.

దుర్గి ప్రాంతంలోని మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు నాయకత్వంలో పుల్లరి నిరాకరణ తీవ్రమైంది. పోలీసు బలం దిగింది. 1922 ఫిబ్రవరి చివరి వారంలో మించాలపాడులో జరిగిన కాల్పులలో హనుమంతు మరణించాడు. ఆ తేదీ దగ్గర ఆగవలసిన అవసరం ఉంది. చౌరీచౌరా ఘటన తరువాత ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేసింది. పెదనందిపాడు అప్పటికే చల్లబడింది. అంటే కాంగ్రెసు కాలపట్టికలో ఉద్యమం ముగిసిన తరువాత పల్నాటిలో తుపాకి పేలింది. దీన్ని వార్త ఆలస్యంగా చేరడం వల్ల జరిగిన విషాదంగానో, స్థానికుల ఆవేశంగానో వివరించడం తేలిక. కాని బార్డోలీ తీర్మానం మాఘమాసంలో వచ్చింది. చేలల్లో మోళ్ళు ముగిసే వేళ అది. మంద కొండకు మళ్ళవలసిన వేళ అది. పెదనందిపాడు రైతు శిస్తు కట్టి ఇంట కూర్చోవచ్చు. పల్నాటి పశువుకు ఆగే వీలు లేదు. జాతీయోద్యమపు గడియారం ఒకటి, పచ్చిక గడియారం మరొకటి. మించాలపాడు ఆ రెండవదానిని అనుసరించింది.

హనుమంతు స్మృతిలో పాటలు, బుర్రకథలు, నాటకాలు వచ్చాయి. ఒంటినిండా గుండ్లు తగిలినా దాహమడిగిన వీరునిగా ఆయన్ను చిత్రించే కథనాలు బాలచంద్రుని గాథ ఒరవడిలో పోసినవని తెలుస్తూనే ఉంటుంది. పల్నాడు తన వీరుణ్ణి తనకు తెలిసిన మూసలో నిలుపుకుంది. అందులో తప్పేమీ లేదు. లోపం మరోచోట ఉంది. చరిత్రకు ఎక్కిన పేర్లు గ్రామ నాయకులవి, కాంగ్రెసు నాయకులవి. పశువు వెనుక నడిచి, బందెలదొడ్డి ముందు నిలబడి, పర్మిటు లేక దెబ్బలు తిన్న గొల్ల, సుగాలీ, జీతగాళ్ళ పేర్లు రికార్డులో లేవు. పుల్లరి సేద్యగానికి అదనపు భారం, కాపరికి బతుకు మొత్తం. రైతు ఉద్యమమన్న పేరు ఆ భేదాన్ని చదును చేసింది.

సాహిత్యం కూడా ఈ విషయంలో పచ్చికను దాటేసింది. పల్నాటి కేసులో శిక్షపడిన ఉన్నవ జైలులో ఉండగానే 1922లో మాలపల్లి రచించాడు. పుల్లరి కోసం జైలుకెళ్ళిన రచయిత కలం నుంచి వచ్చిన ఆ మహానవలకు కేంద్రం మంగళాపురపు పొలం, కూలి, అంటరానితనం. గాని మేత, మంద, అటవీ గార్డు కాదు. ఉన్నవను నిందించవలసిన పని లేదు. ఆయన తన యుగపు అతిపెద్ద ప్రశ్నను ఎంచుకున్నాడు. అయితే తెలుగు నవలలో పొలానికి దక్కిన చోటు బీడుకు దక్కకపోవడం అక్కడే మొదలైంది. కొమ్ములవారి పాటలో నాయకుడైన కాపరి అచ్చులోకి వచ్చేసరికి నేపథ్యంలోని మనిషైపోయాడు.

జలాశయం, పులి, చట్టం

స్వాతంత్ర్యానంతరం కొండవాలుకు రెండు పెద్ద మార్పులు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. నాగార్జునకొండ లోయ మునిగింది. కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించారు. కట్టడాలు తరలాయి గాని లోయలోని మేత తరలలేదు. కుడికాలువ కింద జొన్నచేలు వరి, పత్తి, మిరప పొలాలయ్యాయి. బంజర్లు, మేత పోరంబోకులు సాగులోకి వచ్చాయి. ట్రాక్టరు రాకతో ఎద్దు తగ్గింది. పాల అమ్మకం కోసం ఇంటిపట్టున గేదె పెరిగింది. ఒకనాడు డెల్టా చేసిన పనిని ఇప్పుడు పల్నాటి ఆయకట్టు చేసింది. ఆయకట్టుకు అందని వెల్దుర్తి, బొల్లాపల్లి అంచు గ్రామాలలో, తండాలలో మాత్రం మేక, గొర్రె, నాటు ఆవు జీవనాధారంగా మిగిలాయి.

రెండవది, ఆ అంచు గ్రామాల వెనుక ఉన్న అడవి 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటితమై, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. పులికి చోటు కావాలన్నది కాదనలేని మాట. 1882లో కలప పేరిట మూతబడిన వాలు ఒక శతాబ్దం తరువాత పులి పేరిట మూతబడిందన్నదీ కాదనలేనిదే. కాపరికి రెండుసార్లూ ఎదురైంది ఒకే కంచె.

2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షనులో మేతను, అది స్థిరమైనదైనా ఋతువును బట్టి తిరిగేదైనా, హక్కుగా పేర్కొంది. సంచార పశుపాలకుల వాడుకనూ విడిగా చెప్పింది. 1871లో రెవెన్యూ బోర్డు ఒప్పుకుని, 1882లో చట్టం తోసిపుచ్చిన మాట తిరిగి పుస్తకానికెక్కడానికి 124 సంవత్సరాలు పట్టింది. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న చెంచు, సుగాలీలకు ఈ చట్టం కింద దారి కొంత సుగమం. ఆ జాబితాలో లేని పల్నాటి గొల్ల మాత్రం 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ఆ అడవిపై ఆధారపడి అక్కడే నివసించినట్లు చూపాలి. పెద్దల వాంగ్మూలంతో పాటు ప్రభుత్వ దస్తావేజులు సాక్ష్యాలుగా చెల్లుతాయి. మంద వెంట తిరిగిన కుటుంబానికి 1930 నాటి ప్రభుత్వ దస్తావేజు ఏదైనా ఉండగలిగితే, అది అటవీశాఖ ఇచ్చిన మేత పర్మిటు, పుల్లరి రసీదు.